కామేశ్వరరావు గారు నా చేతికిచ్చిన పాస్‌వర్డ్

బియ్యం డబ్బా మూత మీద పెట్టిన ఫోను పొద్దున్నే గరగరలాడడం మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఎన్నికల రోజులైతే మరీను. కూరలో తాలింపు పడేలోపు నలభై మెసేజీలు. "ఇప్పుడే అందిన వార్త." "టీవీల్లో చూపించరు, అందరికీ పంపండి." "మా బంధువు సెక్రటేరియట్‌లో పనిచేస్తాడు, ఆయనే స్వయంగా చెప్పాడు." పోనీ పంపేవాళ్ళు పరాయివాళ్ళా అంటే కాదు. మా ఆడపడుచు, మా ఆయన ఆఫీసువాళ్ళు, నాతో డిగ్రీ చదివినవాళ్ళు. నేనూ ఊరుకోను. ఒక్కొక్కరికీ "ఎవరు చెప్పారండీ? మీరు చూశారా?" అని రాస్తాను. మా ఆడపడుచు అయితే "వదినా, నీకు అనుమానం జబ్బు" అని నవ్వుతుంది. జబ్బే, కాదనను. ఆ జబ్బు నాకు అంటించినాయన పేరు కామేశ్వరరావు గారు. రిటైరైన స్టేషను మాస్టరు, పటమటలో ఉండేవారు. ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు కాబట్టి చెప్పాలి. ఆయన గురించి చెప్పాలంటే నేను చేసిన వెధవ పని కూడా చెప్పాలి. రెండూ విడదీసి చెప్పడం నాకు చేతకాదు.

మాది బందరుకు అవతల, కాలువ వెళ్ళి సముద్రంలో కలిసేచోట ఉన్న ఒక పాలెం. నాన్న వేటకు వెళ్ళేవాడు. అమ్మ చేపలు ఎండబెట్టి అమ్మేది. మా ఇళ్ళల్లో డిగ్రీ చదివిన ఆడపిల్లను నేనే మొదటిదాన్ని, అందుకని నాకు కాస్త పొగరు కూడా ఉండేది. బందరులో చదువయ్యాక కంప్యూటరు కోర్సు ఒకటి చేసి, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో విజయవాడ వచ్చి పటమటలో ఒక నెట్ సెంటరులో ఆపరేటరుగా చేరాను. ప్లైవుడ్ అరలు కట్టిన ఎనిమిది కంప్యూటర్లు. కరెంటు పోతే యూపీయస్‌లన్నీ ఒక్కసారిగా కుయ్యోమనేవి. ఎంసెట్ ఫలితాలు చూసుకునే పిల్లలు, ఫొటోలు స్కాన్ చేయించుకునేవాళ్ళు, ఏ పనీ లేక గంటలకొద్దీ ఛాటింగ్ చేసేవాళ్ళు, వీళ్ళే మా ఖాతాదారులు. వాళ్ళ మధ్యలో రోజూ సరిగ్గా పదింటికి, ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కాతో కామేశ్వరరావు గారు దిగేవారు. గోడ గడియారం ఆగిపోతే ఆయన రాకను చూసి సరిచేసుకునేవాళ్ళం.

ఆయన నెట్‌లో ఒక గ్రూపు నడిపేవారు. పేరు "కృష్ణా జిల్లా కబుర్లు". హైదరాబాదులో, బొంబాయిలో, గల్ఫులో ఉద్యోగాలు చేసుకుంటున్న మన జిల్లావాళ్ళంతా అందులో చేరారు. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్ళు, చదివి చదివి కళ్ళు తిరిగేవి. కబుర్లని పేరేగానీ అందులో నడిచేదంతా రాజకీయమే. ఏ ఎమ్మెల్యే ఏ పార్టీలోకి దూకుతున్నాడు, కాలువలకు నీళ్ళు ఎప్పుడు వదులుతారు, టిక్కెట్టు ఎవరికి. ఎవరు మెయిలు పంపినా ముందు కామేశ్వరరావు గారి దగ్గరికి వచ్చేది. ఆయన పాస్ చేస్తేనే అందరికీ వెళ్ళేది. దానికి ఆయన పెట్టిన షరతు ఒకటి ఉంది. రాజకీయ వార్త ఏదైనా సరే, మెయిలు మొదటి లైనులో మూడు మాటల్లో ఒకటి ఉండాలి: చూశాను, చదివాను, విన్నాను. చదివితే ఏ పేపర్లో, ఏ రోజు? వింటే ఎవరి నోట? అది లేకపోతే మెయిలు వెనక్కి కొట్టేవారు. దాని కింద ఒకటే ముక్క ఉండేది: "చివరి పెట్టె చూశారా?"

"ఏంటండీ ఈ పెట్టె గోల?" అని ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

ఆయన కుర్చీ నా వైపు తిప్పారు. "రత్నమ్మా, గూడ్సు బండి స్టేషన్లోకి వచ్చిందనుకో. బండి వచ్చేసిందని వెనక స్టేషనుకు ఎప్పుడు చెప్పాలి?"

"వచ్చినప్పుడు."

"వచ్చిందని నీకెట్లా తెలిసింది?"

"కళ్ళ ముందుంది కదండీ!"

"నీ కళ్ళ ముందున్నది ఇంజను. మధ్యలో లంకె తెగి సగం పెట్టెలు దారిలోనే ఉండిపోయాయేమో, ఎవరు చూశారు? నువ్వు వచ్చేసిందంటావు. నీ మాట నమ్మి వాళ్ళు ఇంకో బండిని వదులుతారు. అది పోయి ఆ పెట్టెల్ని గుద్దుతుంది. అందుకని చివరి పెట్టెకు ఒక బోర్డు తగిలిస్తారు. ఆ బోర్డు నీ కళ్ళతో చూసేదాకా బండి రానట్టే."

నాకు నవ్వొచ్చింది. వార్తకీ గూడ్సు బండికీ ముడిపెట్టడమేమిటనిపించింది. గ్రూపులో వాళ్ళూ అట్లాగే నవ్వేవాళ్ళు, కొందరైతే తిట్టేవాళ్ళు. ఒక పార్టీవాళ్ళు ఈయన రెండో పార్టీ మనిషనేవాళ్ళు, రెండో పార్టీవాళ్ళు మొదటి పార్టీ దగ్గర డబ్బు తిన్నాడనేవాళ్ళు. దుబాయిలో ఉన్న ఒకాయన "ముసలోడా, నీ బ్రేకులు తీసి కాలవలో పారెయ్" అని రాశాడు. కామేశ్వరరావు గారు ఆ మెయిలును కూడా పాస్ చేశారు. "తిట్టాడు కానీ అబద్ధం చెప్పలేదు కదమ్మా, బ్రేకులున్న మాట నిజమే" అన్నారు. నేనొకసారి అడిగేశాను, "అసలు మీరు ఏ పార్టీ అండీ?" అని. "ఓటు వేసేటప్పుడు నాకూ పార్టీ ఉంది. మెయిలు పాస్ చేసేటప్పుడు మాత్రం స్టేషను మాస్టర్నే" అన్నారు. నాకు ఆ నిదానం చూస్తే విసుగు. పేపర్లో రేపు రాబోయే సంగతి ఇవాళే నా చెవిన పడితే, ఇవాళే పదిమందికీ చెప్పేయకపోతే నాకు అన్నం సయించేది కాదు. నోటి తుత్తర. మా అమ్మ ఆ మాటే అనేది.

అయినా ఆయనకు నేనంటే ఎందుకో గురి. ఆయన కొట్టలేని పెద్ద మెయిళ్ళు నాచేత కొట్టించేవారు, ఏది పాస్ చేయాలో ఏది చేయకూడదో నన్నే చెప్పమనేవారు. తప్పు చెబితే కోప్పడేవారు కాదు, "మళ్ళీ చూడు" అనేవారు. అట్లా ఓ ఏడాదిన్నర గడిచింది. ఎన్నికలు దగ్గర పడుతుండగా ఆయన కంటికి శుక్లం ఆపరేషను చేయాలన్నారు. రెండు వారాలపైన తెర వైపు చూడకూడదన్నారు. గ్రూపు మూసేద్దామా అని గ్రూపులోవాళ్ళు అడిగితే "అక్కర్లేదు, రత్నం చూసుకుంటుంది" అని రాయించారు. ఒక చీటీ మీద పాస్‌వర్డ్ రాసి, నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టారు. "ఆదరాబాదరా పడకు. ఆలస్యమైతే తిడతారంతే, ఇంకేం కాదు" అన్నారు. నాకు భూమ్మీద కాళ్ళు నిలవలేదు.

ఆయన ఆపరేషనుకు వెళ్ళిన మూడో రోజు, ఒక పార్టీ కార్యకర్త ప్రెస్ నోటు కొట్టించుకోవడానికి మా సెంటరుకు వచ్చాడు. ఆయన చెబుతుంటే నేను కొడుతున్నాను. రెండో పేరాలో మా పాలెం పేరు వచ్చేసరికి నా వేళ్ళు ఆగిపోయాయి. సముద్రపు ఒడ్డున చేపలు ఎండబెట్టుకునే ఉమ్మడి దిబ్బను అధికార పార్టీ నాయకుడి రొయ్యల చెరువులకు ధారాదత్తం చేస్తూ సర్పంచి సంతకం పెట్టేశాడట. మా సర్పంచంటే ధనరాజు బాబాయి. సొంత బాబాయి కాదు, మా నాన్నను అన్నా అని పిలుస్తాడు, వరస అంతే. చిన్నప్పుడు నన్ను భుజాలమీద ఎక్కించుకుని అలల్లోకి తీసుకెళ్ళిన మనిషి.

"ఆ కాగితం మీ దగ్గరుందా అండీ?" అన్నాను.

"మావాళ్ళు చూశారమ్మా. బందరు ఎమ్మార్వో ఆఫీసులో ఉంది. సంతకం క్లియర్‌గా ఉందట" అన్నాడాయన.

నా కళ్ళ ముందు దిబ్బ కనిపించింది. అమ్మ కనిపించింది, తలకు గుడ్డ చుట్టుకుని ఎండలో చేపలు తిరగేస్తూ. ఆ దిబ్బ పోతే మా అమ్మ ఎక్కడికి పోవాలి? ఒళ్ళంతా మంట పుట్టింది. ప్రెస్ నోటు తీసుకుని ఆయన అటు మెట్లు దిగాడో లేదో, ఇటు నేను గ్రూపులోకి మెయిలు రాశాను. మొదటి లైనులో "చదివాను" అని పెట్టాను. అబద్ధం కాదు కదా, నేను కొట్టిన కాగితాన్నే నేను చదివాను! అట్లా నన్ను నేను సమాధానపరచుకున్నాను. ఆ మెయిలు పాస్ చేయాల్సింది ఎవరు? నేనే. నా మెయిలును నేనే పాస్ చేసుకున్నాను.

అయితే పూర్తిగా బుద్ధి లేకుండా పోలేదు. కామేశ్వరరావు గారు రెండో మనిషిని అడగమనేవారు కదా అని సాయంత్రం మా పాలెంలో కిరాణా కొట్టుకు ఫోను చేశాను. అన్నయ్యను సంగతి కనుక్కుని చెప్పమని కబురు పెట్టాను. అన్నయ్య రెండో రోజు ఫోను చేశాడు. "అవునే రత్నం, నిజమేనంట. ఊరంతా అదే మాట. బందరు నుంచి కాగితం కూడా వచ్చింది, అచ్చులో ఉంది." నేను గెలిచినట్టు ఎగిరి గంతేశాను. వెంటనే ఇంకో మెయిలు పెట్టాను, "ఊరివాళ్ళే నిర్ధారించారు, కాగితం కూడా ఉంది" అని. గ్రూపు అట్టుడికిపోయింది. శభాష్ అని రాసినవాళ్ళు రాశారు, పత్రికలు చేయలేని పని చేశావన్నారు. ఆ పదిరోజులూ నేను తల ఎగరేసుకునే తిరిగాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేను లాగి ఒక్కటివ్వాలనిపిస్తుంది.

కామేశ్వరరావు గారు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని తిరిగొచ్చారు. కూర్చోగానే "చదువమ్మా, ఏమేం వెళ్ళాయో" అన్నారు. నేను గర్వంగా ముందు నా మెయిలే చదివాను. ఆయన చివరిదాకా విన్నారు.

"ఊళ్ళోకి వచ్చిన ఆ కాగితం ఏమిటి?"

"ఆర్డరు కాగితం అయ్యుంటుందండీ. అచ్చులో ఉందట."

"అయ్యుంటుందా? ఇప్పుడు ఫోను చెయ్యి. ఆ కాగితం పై లైను చదివించు."

కొట్టుకు ఫోను చేసి అన్నయ్యను పిలిపించాను. కాగితం కొట్టులోనే ఉంది, గోడకు అంటించారట. అన్నయ్య కూడబలుక్కుంటూ చదివాడు. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగు కదా, ఒక్కో ముక్కా పట్టి పట్టి చదివాడు. "కృష్ణా జిల్లా కబుర్లు... చదివాను... మా పాలెం దిబ్బను..."

నా వాక్యమే. నేను రాసిన మెయిలును బందరులో ఎవరో ప్రింటు తీసి ఊళ్ళోకి తెచ్చారు. అది చూసి ఊరు నమ్మింది. ఊరు నమ్మిందని నేను నమ్మాను. నా మాట నాకే సాక్ష్యం చెప్పింది. అన్నయ్య ఇంకా చెబుతున్నాడు: "ధనరాజు బాబాయిని వెలేశారు కదే. ఇవాళ్టికి పదకొండు రోజులు. కాగితం కింద నీ పేరుందని తరవాత ఎవరో చదివి చెప్పారు. నాన్నే ముందు చెయ్యెత్తాడు, నా కూతురు చదువుకున్న పిల్ల, ఊరికే రాయదని."

వెలి అంటే పట్నంవాళ్ళకు ఒక మాట, అంతే. మా పాలెంలో అది అట్లా కాదు. మా ఒడ్డున బోటును ఇసకలోంచి నీళ్ళలోకి దింపాలంటే పది భుజాలు కావాలి. వెలేసినవాడి బోటుకు ఎవడూ భుజం పెట్టడు. వాళ్ళింటి ఆడమనిషి దిబ్బ మీద చేపలు పరిస్తే పక్కవాళ్ళు తమ చేపలు తీసుకుని అవతలికి జరుగుతారు. బందరు ఆటోలో సీటున్నా ఎక్కనివ్వరు. ఒక్క మాట మాట్లాడరు. పదకొండు రోజులు వేట లేకపోతే ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతుందో నేను మీకు చెప్పనక్కర్లేదు.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. "గ్రూపులో సవరణ వేసేస్తానండీ, ఇప్పుడే" అన్నాను.

"ఏమని వేస్తావు? నీకు నిజమేమిటో తెలుసా?" అన్నారాయన. కోపంగా కాదు. "ఇప్పటిదాకా తెలియకుండా అవునన్నావు. ఇప్పుడు తెలియకుండా కాదంటావా? పద, ముందు సంతకం ఉందన్న కాగితం చూద్దాం."

మరునాడు ఇద్దరం బందరు బస్సెక్కాం. కిటికీ పక్కన నేను. కాలు ఒకచోట నిలవడం లేదు. బస్సు ప్రతి స్టాపులో ఆగుతుంటే దిగి తోసేద్దామా అన్నంత ఆత్రం. పామర్రు దాటాక కామేశ్వరరావు గారు తనంతట తానే మాట్లాడారు. "నేనూ ఒకసారి చూడకుండా చెప్పానమ్మా. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. వాన పడుతోంది, గదిలోంచి బయటికి రావడానికి బద్ధకం. పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ 'వచ్చేసింది సార్' అని కేకేశాడు. నేను వచ్చేసిందని చెప్పేశాను. మూడు పెట్టెలు వెనకే ఉండిపోయాయి. వెనక వచ్చే బండి డ్రైవరు దూరంనుంచి చూసి ఆపాడు కాబట్టి సరిపోయింది."

"ఎవరికీ ఏమీ కాలేదు కదండీ" అన్నాను, ఆయన్ని ఓదార్చాలని.

"కాలేదు. కానీ ఆ డ్రైవరు నడుచుకుంటూ నా స్టేషనుకు వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. మంచినీళ్ళడిగి తాగి వెళ్ళిపోయాడు. అతను తిట్టి ఉంటే బాగుండేదనిపిస్తుంది ఇప్పటికీ" అన్నారు.

ఆఫీసులో గుమాస్తా మంచివాడు. అడగ్గానే ఫైలు తీసి చూపించాడు. ధనరాజు బాబాయి సంతకం ఉన్నమాట నిజమే. దిబ్బను సర్వే చేస్తామని పంపిన నోటీసు అది. దాని అడుగున, నోటీసు అందినది అన్నచోట సంతకం పెట్టాడు. పోస్టుమాన్ రిజిస్టరు కవరు ఇస్తే పెట్టే సంతకం లాంటిదే. ఆ పేజీ తిప్పితే దాని వెనకాల ఇంకో కాగితం. మా ఊరి ఆడవాళ్ళందరి బతుకూ ఆ దిబ్బ మీదే ఉందని, సర్వే చేయడానికి వీల్లేదని ధనరాజు బాబాయి తన గుండ్రటి చేతిరాతతో రాసిచ్చిన అభ్యంతరం. మా అమ్మ పేరు కూడా అందులో ఉంది. ఆ మనిషి దిబ్బను అమ్మలేదు సరిగదా, దానికోసం ఒంటరిగా బందరు చుట్టూ తిరుగుతున్నాడు. ఎంత చెప్పుకున్నా, అచ్చులో ఉన్న నా మాట ముందు ఆయన మాట ఊళ్ళో ఎవరు నమ్ముతారు? అక్కడే బెంచీ మీద కూలబడి ఏడ్చాను. గుమాస్తా బిత్తరపోయి నీళ్ళు తెచ్చాడు.

పాలెం చేరేసరికి నాలుగైంది. బందరు నుంచే కొట్టుకు ఫోను చేసి కబురు పెట్టాను కాబట్టి, గంగమ్మ గుడి ముందు చాప పరిచి పెద్దలు కూర్చున్నారు. నాన్న కూడా ఆ చాప మీదే ఉన్నాడు. అవతల ధనరాజు బాబాయి, ఆయన భార్య వీరమ్మ పిన్ని నిలబడి ఉన్నారు. వెలేసినవాళ్ళు కూర్చోకూడదు. కామేశ్వరరావు గారిని చూసి "తమరెవరండీ?" అన్నాడు మా కులపెద్ద, పెద్దకాపు.

"నేను స్టేషను మాస్టరుగా చేసి రిటైరయ్యానండి. తాళంచెవి ఈ అమ్మాయికిచ్చింది నేను, ఆ తప్పు నాది" అన్నారాయన. నన్ను కాపాడతారేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను, దాచడమెందుకు. ఆయన వెంటనే, "రాసింది మాత్రం ఈ అమ్మాయి. అది ఆమే చెబుతుంది" అని పక్కకు తప్పుకున్నారు.

చెప్పాను. ఎక్కడ విన్నానో, ఎట్లా రాశానో, ఆఫీసులో ఏం చూశానో, అంతా చెప్పాను. "బాబాయి సంతకం నేను చూడకుండానే రాశాను. ఆయన దిబ్బను అమ్మలేదు. నిలబెట్టడానికి తిరుగుతున్నాడు. తప్పంతా నాది" అన్నాను. నాన్న లేచి, చాప దిగి, వెనక ఇసకలో కూర్చున్నాడు. ఎవరూ లేవమనలేదు, తనే లేచాడు. మళ్ళీ ఎన్నడూ ఆ చాప ఎక్కలేదు.

వీరమ్మ పిన్ని నా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాను. "పన్నెండు రోజులు నా మొగుడు తెల్లారగట్టే పోయి బోటు మీద చెయ్యేసి నిలబడ్డాడే. ఒక్కడు రాలేదు. రాసేముందు నన్నడగలేకపోయావా? మా ఇల్లు నీకు తెలియదా? బెజవాడ నుంచి బస్సులు లేవా?" అంది. ఆ రోజే వెలి ఎత్తేశారు. మరునాడు బోటుకు పదిమంది కాదు, ఇరవైమంది భుజం పట్టారట. పిన్ని మాత్రం నాతో నాలుగేళ్ళు మాట్లాడలేదు.

తిరుగు బస్సులో, పని అయిపోయిందనుకున్నాను. కామేశ్వరరావు గారికి అప్పుడే మొదలైంది. గ్రూపులో సవరణ వేయించారు. అది చాలదన్నారు. ఆ మెయిలును ఎవరెవరు ఇంకెవరెవరికి పంపారో ఒక్కొక్కరినీ అడిగించారు. జవాబివ్వనివాళ్ళకు మళ్ళీ రాయించారు. బందరులో ప్రింటు తీసినతన్ని వెతికి పట్టుకుని, అతను కాగితాలు పంచిన రెండు ఊళ్ళకూ నన్ను పంపారు. నెల దాటింది. నాకు ఓపిక నశించి ఒకరోజు అరిచేశాను, "ఇంకెంతకాలమండీ? అందరికీ తెలిసిపోయింది కదా!"

"అబద్ధం ఎంత దూరం పోయిందో నీకు తెలుసా?"

"తెలియదు."

"మరి ఎంతకాలమని నేనెట్లా చెప్పను?" అన్నారు. తరవాత చొక్కా జేబులోంచి మడత పెట్టిన చీటీ తీసి ఇచ్చారు. కొత్త పాస్‌వర్డ్. రెండో కంటి ఆపరేషను పై నెలలో ఉందట. నేను ఆ చీటీ పట్టుకుని ఏడుస్తూ ఉంటే, "ఊరుకో, యూపీయస్ అనుకుని కస్టమర్లు లేచిపోతారు" అన్నారు. ఆయన హాస్యం అట్లా ఉండేది.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. గ్రూపు ఆయనకంటే ముందే పలచబడిపోయింది, జనం కొత్త కొత్త చోట్లకు వెళ్ళిపోయారు. అక్కడ ఎవరి మెయిలును ఎవరూ ఆపరు. మా దిబ్బ కూడా పోయింది. ధనరాజు బాబాయి సర్పంచి పదవి దిగిపోయిన చాలాకాలానికి, వేరేవాళ్ళ హయాంలో అది రొయ్యల చెరువులైపోయింది. బాబాయి చివరిదాకా వద్దన్నాడు, ఆగలేదు. వీరమ్మ పిన్ని ఇప్పుడు నాతో మాట్లాడుతుంది. వెనకటిలా కాదుగానీ మాట్లాడుతుంది. బాబాయి పోయినప్పుడు వెళితే నా చెయ్యి పట్టుకుంది. మనవరాలు సింధును విజయవాడలో కాలేజీలో చేర్పించినప్పుడు, "అక్కడ రత్నం ఉంది, మీ అత్త" అని చెప్పి పంపింది. ఆ పిల్ల ఆదివారాలు మా ఇంటికి వస్తుంది. అన్నం తిని, టీవీ చూసి, సాయంత్రం హాస్టలుకు పోతుంది.

మొన్న ఆదివారం పులుసు కలుపుకుంటూ, ఏదో వాతావరణం గురించి అడిగినట్టు అడిగింది. "అత్తా, మా ఊరి దిబ్బను చెరువులకు అమ్మేసింది మా తాతేనంట కదా? అప్పట్లో నెట్‌లో కూడా వచ్చిందంట. మా ఊరి గ్రూపులో ఎవరో పెట్టారు. తాత మంచోడనే అనుకున్నాను నేను."

గరిటె గిన్నెలో పెట్టేశాను. సొంత మనవరాలు. తాత ఒళ్ళో పెరిగిన పిల్ల.

"మీ తాత అమ్మలేదు. అమ్మాడని నెట్‌లో రాసింది నేను" అన్నాను.

సింధు తినడం ఆపేసింది. మొత్తం చెప్పాను. ఒక్క ముక్క కూడా దాచలేదు. సింధు కంచం అవతలికి జరిపింది. "నాయనమ్మకు తెలుసా?" అంది.

"ఆవిడ ముందే చెప్పాను. ఊరందరి ముందూ చెప్పాను."

"మరి మాకెవరూ చెప్పలేదే!" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ రోజు గుడి ముందు కూర్చున్నవాళ్ళలో సగం మంది ఇప్పుడు లేరు. అప్పటికి పుట్టనివాళ్ళకు నేనెప్పుడు చెప్పాను?

"నువ్వు ఎవరితోనైనా అన్నావా ఈ మాట?" అని అడిగాను.

"ఇద్దరితో అన్నానత్తా. నా రూమ్మేట్లు."

"ఎక్కడున్నారు వాళ్ళిప్పుడు?"

"హాస్టల్లోనే. బెంజ్ సర్కిల్ దగ్గర."

"చెయ్యి కడుక్కుని చెప్పులేసుకో. ఆటో మాట్లాడతాను" అన్నాను.